తెడ్డు పట్టినవాళ్ళ మాట

చిత్తూరు చుట్టుపక్కల చెరకు పండే ఏడూళ్ళలో మునసబుకు ఎదురు చెప్పినవాళ్ళున్నారు, కరణానికి ఎదురు చెప్పినవాళ్ళున్నారు, పెళ్ళాలకు ఎదురు చెప్పినవాళ్ళు కూడా ఒకరిద్దరున్నారు. కానీ పొయ్యి మీద పెనం ఉన్నంతసేపు మునెయ్యకు ఎదురు చెప్పిన మగాడు పుట్టలేదు. అందులో ఆయన గొప్ప సగం, పద్ధతి సగం. చెరకు ఎవరిదైనా కానీ, గానుగ ఎవరిదైనా కానీ, బెల్లం వండేటప్పుడు పెనంలో తెడ్డు పట్టుకుని నిలబడినవాడిదే ఆఖరి మాట. వాడు 'దించండి' అన్నాడా, నలుగురు మనుషులు పెనం కడియాల్లో వాసాలు దూర్చి లేపి దించాల్సిందే. ఎందుకని అడగకూడదు. ఇంకొంచెంసేపు ఉంచుదామా అని నసగకూడదు. ముందు దించితే బెల్లం గట్టిపడక జారిపోతుంది, ఆలస్యమైతే మాడిపోతుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న సందు ఎంతో తెడ్డు పట్టినవాడికే తెలుసు. నువ్వడిగి, వాడు చెప్పి, నీకర్థమయ్యేలోపల ఆ సందు కాస్తా మూసుకుపోతుంది.

చిత్తూరు మండీలో అరవ వ్యాపారులు బెల్లం ఉండ పగలగొట్టి, వాసన చూసి, "ఇది మునెయ్య చెయ్యి" అని పక్కన పెట్టుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడినప్పుడు మునెయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఏమీ విననట్టు నడిచిపోయేవాడు. విన్నాడని ఆ నడకే చెప్పేది.

ఆయన పెళ్ళాం వరదమ్మ. ముప్పై ఏళ్ళుగా ఆయన పెనం కింద మంట ఆమెది. పైన తెడ్డు మగాడిది, కింద పొయ్యి నోట్లోకి చెరకు పిప్పి ఎగదోసే పని ఆడదానిది. అదీ పద్ధతే. పొయ్యి నోటికన్నా వరదమ్మ నోరు వేడి అని ఊళ్ళో అనేవాళ్ళు. అయితే అనేవాళ్ళంతా ఆమె లేనప్పుడే అనేవాళ్ళు. పొద్దున లేస్తూనే మొగుణ్ణి నాలుగు తిట్లు తిడితేగానీ ఆమెకు ముఖం కడుక్కున్నట్టుండదు. ఆ నాలుగు తింటేగానీ ఆయనకూ తెల్లవారినట్టుండదు.

డెబ్బై తొమ్మిది ఆషాఢంలో మునెయ్యకు సంగటి ముద్ద దిగడం మానేసింది. నాటువైద్యం అయింది, మొక్కుబడి అయింది, ఆఖరికి వేలూరు పెద్దాసుపత్రి అయింది. కడుపు కోసి చూసి, మళ్ళీ కుట్టేశారు. డాక్టరమ్మ కొడుకు దామోదరాన్ని పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. క్యాన్సరు, కాలేయం దాకా పాకింది, తీసేసేందుకు వీలు కాదు. దామోదరం చిత్తూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. ఒక్కగానొక్క కొడుకు, నాయనంటే ప్రాణం. ఆసుపత్రి మెట్ల మీద తల్లిని కూర్చోబెట్టి ఆ కబురు చెప్పి, చేతులు పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.

"అమ్మా, నాయనకు తెలీకూడదు. తెలిస్తే దిగులుతోనే పోతాడు. కడుపులో పుండని చెప్పినా. నువ్వూ అదే చెప్పు."

వరదమ్మ ఒట్టు వేసింది. ఆ ఒట్టే ఆమెకు ఉరితాడైంది. ఎందుకంటే తిరుగు బస్సులో, చిత్తూరు ఇంకో గంట ఉందనగా, మునెయ్య ఆమె చెవి దగ్గరగా వంగి ఒక మాట అన్నాడు.

"వరదా, ఇంగొకసారి నన్ను ఈ కత్తుల కాడికి తీసుకురావద్దు. నేను మన గానుగ వాసన పీలుస్తా పోవాల."

"పుండుకే ఇంత మాటలా మామా, మానిపోతాదిలే" అంది వరదమ్మ. అని, కిటికీ వైపు తిరిగి చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రోజు నుంచి ఆమె మెత్తబడిపోయింది. తిట్టు లేదు, విసురు లేదు. ఆయన చుట్ట అడిగితే చుట్టా అగ్గిపెట్టె రెండూ తెచ్చిచ్చింది. చూడండి మరి, అంత తెలివిగల మహాతల్లి తప్పు చేసింది సరిగ్గా అక్కడే. కానీ అది తర్వాత తెలిసింది.

కార్తీకంలో గానుగలు మొదలయ్యేసరికి మునెయ్య సగం మనిషయ్యాడు. గంజి తప్ప ఏదీ దిగడం లేదు. దామోదరం కాగితాలు పట్టుకుని మళ్ళీ వేలూరు పోయి వచ్చాడు. డాక్టరమ్మ ఈసారి కూడా దాచలేదు. కడుపులోకి గొట్టం వేసి ఆహారం పంపే ఆపరేషను ఒకటుంది, కొన్ని వారాలు కలిసిరావచ్చు, బల్ల మీదినుంచి లేవకపోనూవచ్చు, ఇంటిల్లిపాదీ ఆలోచించుకుని రండి అంది. దామోదరం ఇంటికి వచ్చేలోపలే ఆలోచించేసుకున్నాడు. మేనత్త ఆనందమ్మకూ, ఆమె మొగుడు గోవిందస్వామికీ కబురు పెట్టాడు. పొద్దు వాలకముందే ముగ్గురూ వరదమ్మను వసారాలో కూర్చోబెట్టి పంచాయితీ మొదలుపెట్టారు. మునెయ్య లోపల మంచం మీద నిద్రపోతున్నాడని వాళ్ళ ధీమా.

"బుధవారం కారు మాట్లాడినా. ఇంగ ఆలస్యం చేసేది లేదు" అన్నాడు దామోదరం.

"ఆయప్పకు ఇష్టం లేదేమోరా" అంది వరదమ్మ మెల్లగా.

ఆనందమ్మ గయ్యిమంది. "ఇష్టమేంది వరదా? ఒక్కడే తమ్ముడు నాకు. సూస్తా సూస్తా ఇంట్లో పడేసి సంపుకుంటారా ఎవురన్నా? వైద్యం సేయించకుండా మొగుణ్ణి మింగిందంటారు నిన్ను."

వరదమ్మకు బస్సులో మాట నాలుక చివర దాకా వచ్చింది. బయటికి రాలేదు. ఏడూళ్ళను గడగడలాడించే నోరు ఆ పూట పెగల్లేదు. చెబితే ఆయనకు తెలిసిపోయిందని కొడుకు కుమిలిపోతాడు. చెప్పకపోతే బుధవారం ఆయన్ను కారెక్కిస్తారు. ఊరి మాటకు భయపడుతున్నానా నేను అనుకుని తనమీద తనకే అసహ్యం వేసింది. నిజమే, భయపడుతోంది.

తలుపు చప్పుడైంది. మునెయ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాలుతో సహా.

"ఏంది, నా పంచాయితీ నేను లేకనే సేస్తావుండారే?"

"ఏం లేదు నాయనా. నీ పుండుకు చిన్న ఆపరేషను..."

"పుండు గాదు గదరా. క్యాన్సరు."

దామోదరం ముఖం తెల్లబోయింది. "ఎవురు చెప్పినారు నీకు?"

"ఇంకెవురు, మీ యమ్మ."

ముగ్గురూ వరదమ్మ మీదికి తిరిగారు. "ఏడుకొండలవాడి తోడు, నేను సెప్పలేదు" అంది ఆమె.

"నోటితో సెప్పలా" అన్నాడు మునెయ్య. మెల్లగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ముప్పై ఏండ్లుగా తిట్టిండేది. ఆషాఢం నుంచి ఒక్క తిట్టన్నా తిట్టిందేమో అడుగు. సుట్ట అడిగితే అగ్గిపెట్టె గూడా తెచ్చిస్తాది. అది అగ్గిపెట్టె తెచ్చిచ్చిన దినమే అనుకుంటి, మునెయ్యా, నీ పని అయిపోయిందిరా అని."

ఆనందమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. వరదమ్మకు మాత్రం సిగ్గేసింది. ఐదు నెలలు గుండె రాయి చేసుకుని దాచిన రహస్యం మొదటి రోజే ఆయనకు తెలిసిపోయిందన్నమాట. అంత తెలిసి కూడా, ఆమె నాటకం చెడగొట్టకుండా అగ్గిపెట్టె తీసుకున్నాడు.

మునెయ్య కొడుకు వైపు చూశాడు. ఆ చూపు పెనం దగ్గర చూపు. నలుగురూ వాసాలు పట్టుకుని ఎదురు చూసేటప్పటి చూపు.

"దించేయండ్రా" అన్నాడు.

"రెండు నెలలన్నా కలిసొస్తాది నాయనా."

"రెండు నెలలు యాడ కలిసొస్తాది? గొట్టం పెట్టుకోని గోడ సూసేదానికా? పాకం ముదిరినాక కింద మంట పెడితే బెల్లం ఎక్కువ కాదు దామోదరా, మాడు ఎక్కువవుతాది. ఉండేది పదిదినాలైనా నేను నా గానుగ కాడ ఉంటా. నొప్పికి మాత్రం మందు కావాల నాకు. దాన్ని ఓర్చుకుంటానని బడాయి పోయేవాణ్ణి కాను. రసూలు సాయిబును పిలిపించు."

దామోదరం తల వంచుకున్నాడు.

"ఇంగొకటి" అన్నాడు మునెయ్య. "నాకు మాట పడిపోయే పొద్దొకటి వస్తాది. ఆ పొద్దు మీరు మళ్ళా పంచాయితీ పెడతారు. నాకు తెలుసు మీ సంగతి. అందుకని నలుగుర్లో ఇప్పుడే సెప్తావుండా. తెడ్డు వరదకిస్తావుండా. పెనం కాడా అదే సెప్పాల, నా కాడా అదే సెప్పాల."

గోవిందస్వామి ఇక ఆగలేకపోయాడు. "ఆడది పాకం సెప్పేదేందిరా మునెయ్యా? మన పక్క యాడన్నా ఉండాదా?"

"ఇంగ మీదట ఉంటాది" అన్నాడు మునెయ్య.

మరుసటి రోజే వరదమ్మ తెల్లవారుతూనే ఆయన్ను తిట్టింది. నీళ్ళ చెంబు అందేంత దూరంలో పెట్టినా అడుగుతావేమి మామా, నీకు కాళ్ళు పోయినాయా, కళ్ళు పోయినాయా అని. ఆయన ముఖం విప్పారింది.

ఇంటి వెనక గానుగ దొడ్డిలో, పొయ్యి సెగ తగిలీ తగలనంత దూరంలో మంచం వేశారు. నాయబ్ రసూల్ సైకిలు మీద వచ్చేవాడు. చిత్తూరు సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు, తెల్ల గడ్డం, చేతిలో సూదుల పెట్టె. డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారం సూది వేసి, మునెయ్య నుదుటి మీద ముడత విడిపోయేదాకా పక్కనే కూర్చునేవాడు. అంతవరకూ మాట్లాడేవాడు కాదు. ముడత విడిపోయాక, "ఇంగ చెప్పు మునెయ్యా, ఈ పొద్దు పెళ్ళాం ఎన్ని పెనాలు చెడగొట్టింది?" అనేవాడు.

నిజానికి చెడగొట్టింది ఒక్కటే, మొదటిది. తొందరపడి దించమంది. బెల్లం గట్టిపడలేదు, అచ్చు తీస్తే పేడలా జారింది. గోవిందస్వామి ఆ రోజంతా మీసం కింద నవ్వుకుంటూ తిరిగాడు. వరదమ్మ తెడ్డు విసిరి మంచం పక్కన కూలబడింది.

"నా మొదటి పెనాన్ని కుక్కలు గూడా వాసన సూడలేదు" అన్నాడు మునెయ్య. "నువ్వు కళ్ళతో సూస్తావుండావు. ముప్పై ఏండ్లు పొయ్యి కాడ కూకోని పెనాన్ని యాడ సూసినావు నువ్వు? విన్నావు. కింద కూకోని విన్నదాన్నే పైన నిలబడి విను."

ఆ మాట పనిచేసింది. కింద కూర్చున్నన్నాళ్ళూ ఆమెకు తెలియకుండానే ఆమె చెవికి తెలిసిన పాఠం అది. మొదట రసం గలగలమని మరుగుతుంది. చిక్కబడేకొద్దీ గొంతు తగ్గిస్తుంది. ఆఖరున బుడగలు ఒకటొకటిగా టప్పు టప్పుమని పేలతాయి, వాటి నడుమ ఎడం పెరుగుతుంది. రెండో పెనానికి ఆమె కళ్ళు మూసుకుని నిలబడింది. 'దించండి' అనగానే వాసాలు పట్టే నలుగురిలో పెద్దవాడు చిన్నబ్బ అలవాటు కొద్దీ మునెయ్య మంచం వైపు చూశాడు.

"ఆడేముండాది సూసేదానికి? నీ పెళ్లి సూపులా? ఎత్తు వాసం" అంది వరదమ్మ.

ఎత్తాడు. బెల్లం కుదిరింది. నెల తిరిగేసరికి పక్క ఊళ్ళ గానుగలవాళ్ళు కూడా వరదమ్మను పిలవడం మొదలుపెట్టారు. మునెయ్య అందుకు ఒప్పుకోలేదు. నేనుండేదాకా ఈడే ఉంటాది అన్నాడు. మునెయ్య ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోయినవాడు కాదు. అయినా బెల్లం బండి మండీకి పోతుంటే మంచం మీద లేచి కూర్చుని, దొడ్డి గేటు దాటేదాకా దాన్ని చూసేవాడు. అది చాలు వరదమ్మకు. ఆ పూటంతా ఆమె మెడ నిటారుగా ఉండేది.

మార్గశిరం చివర్లో ఆయన్ను దొడ్డిలోకి తేవడం మానేశారు. గంజి కూడా దిగడం ఆగింది. ఒకనాటి పొద్దున పది గంటలప్పుడు వరదమ్మ పెనం దగ్గరుంది. పొయ్యి దగ్గర కోడలు నిర్మలమ్మ మంట చూస్తోంది. పాకం గొంతు తగ్గింది. ఇంకాసేపట్లో దించాలి అనుకుని వరదమ్మ తలెత్తి చూస్తే, వాసాలు నేలమీద ఉన్నాయి. మనుషులు లేరు.

దొడ్డి గేటులోంచి చూస్తే వీధి వాకిట్లో అంబాసిడరు కారు ఆగి ఉంది. ఆ నలుగురూ మునెయ్య మంచాన్ని ఎత్తుకుని గుమ్మం దాటుతున్నారు. దామోదరం ముందు నడుస్తున్నాడు, ముఖమంతా చెమటలు. నాయన పిలిస్తే పలకలేదు, ఒళ్ళు కాలిపోతోంది, గొంతులో గురక మొదలైంది. వాడు ఒప్పుకున్న మాటలన్నీ గాలికి పోయాయి. కారుకోసం చిత్తూరుకు ఎవరినో పరుగెత్తించాడు. పాపం, వాణ్ణి తప్పుపట్టడానికీ లేదు. కన్న తండ్రి గొంతులో గురక విని ఏ కొడుకు చేతులు ముడుచుకుని కూర్చుంటాడు?

"నిర్మలా, మంట లాగెయ్" అని వరదమ్మ అక్కణ్ణుంచి కదిలింది. తెడ్డు చేతిలోనే ఉంది. దారి పొడుగునా పాకం చుక్కలు చుక్కలుగా పడింది.

మంచానికి ఎదురుగా పోయి నిలబడింది. మునెయ్య కళ్ళు మూతపడి ఉన్నాయి. తీసుకుపోతే ఇంకో పదిరోజులు ఊపిరుంటుందేమో. వద్దని, రేపు పొద్దున ఆయన పోతే, ఈ కొడుకు జీవితాంతం నా ముఖం చూస్తాడా? వీధిలో అప్పటికే పదిమంది పోగయ్యారు. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఆమెకు బస్సు గుర్తొచ్చింది. చెవి దగ్గర ఆ ఊపిరి గుర్తొచ్చింది.

"సిన్నబ్బా" అంది. "దించండి."

మంచం నేలమీద ఉంది. ఎందుకని చిన్నబ్బ అడగలేదు. దామోదరం వెనక్కి తిరిగేసరికి నలుగురి చేతులూ ఖాళీగా ఉన్నాయి.

"అమ్మా, ఏం చేస్తావుండావు నువ్వు? రేపు నలుగురూ నన్నేమంటారు?"

"నిన్ను కాదురా అనేది, నన్ను. అననీ. లోకులు పలుగాకులు." ఆమె కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ పొద్దు వసారాలో మీ నాయన సెప్పిందానికి నువ్వు తల వంచినావు గదా. పలకలేని పూట వస్తాదనే గదా ఆయప్ప ముందే సెప్పింది. ఆ పూట ఇదే. తెడ్డు నా సేతిలో ఉండాది దామోదరా."

దామోదరం ఆ తెడ్డు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. నడివీధిలో, చిత్తూరు ఆఫీసు గుమాస్తా, మంచం కోడు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వరదమ్మ వాడి తల మీద చెయ్యి వేసింది. వేసి, ఆ చెయ్యి తీయకుండానే చిన్నబ్బ వైపు తిరిగింది.

"మంచం లోపల పెట్టి పెనం కాడికి రాండి, ఆడ మాడిపోతాది. ఏమప్పా డ్రైవరూ, కారు ఊరకే పోనీకుండా రసూలన్నను ఎక్కించుకోని రా."

రసూల్ వచ్చాడు. సూది వేశాడు. తడిగుడ్డతో ఒళ్ళు తుడిపించాడు, తల పక్కకు తిప్పి గురక తగ్గేలా పడుకోబెట్టాడు. నుదుటి మీద ముడత విడిపోయేదాకా ఎప్పటిలాగే మాట్లాడకుండా కూర్చున్నాడు. "ఇంగ నొప్పి లేదు చెల్లెమ్మా, నిద్ర" అన్నాడు లేచి.

మరునాడు మధ్యాహ్నం మునెయ్య కళ్ళు తెరిచాడు. కాసేపే. వరదమ్మ ముందు రోజు పెనంలోని బెల్లం ముక్క ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన గట్టిగా వాసన పీల్చాడు. దామోదరం తండ్రి నోటి దగ్గర చెవి పెట్టాడు.

"నేనైతే ఇంగొంచెంసేపు ఉంచిందును" అన్నాడు మునెయ్య. ఊపిరి తీసుకున్నాడు. "ఇదే బాగుండాది."

ఇంకో రెండు రోజులకు, గానుగ ఆడుతుండగా, ఆమె ఒడిలో తల పెట్టుకుని పోయాడు. దొడ్డి వైపు కిటికీ తెరిచే ఉంది.

పదకొండో రోజు భోజనాలకు బంధువులు చాలామంది వచ్చారు. చంద్రగిరి నుంచి వచ్చిన దేవరాజులనే దూరపు చుట్టం ఒకడు, ఎవరి చావుకు పోయినా తప్పు వెతికే రకం, విస్తరి ముందు కూర్చుని అందరికీ వినపడేలా అందుకున్నాడు. "వాకిట్లోకి కారొచ్చినాక వెనక్కి పంపించినారంటనే. ఆ పొద్దు వేలూరికి పోయింటే ఏమవునో ఎవురికి తెలుసు?"

పంక్తి పంక్తంతా చేతులు ఆపింది. ఆనందమ్మ తల దించుకుంది. వంటింటి గుమ్మంలో వరదమ్మ సాంబారు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. జవాబు ఆమె దగ్గర ఉంది. అయితే ఆమె కన్నా ముందు దామోదరం లేచాడు. వడ్డిస్తున్న అన్నం బుట్ట కింద పెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి ఒకసారి దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

"మా యమ్మ దించమనింది" అన్నాడు. "దించినాము."

దేవరాజులు ఏదో అనబోయాడు. ఆ ఏడూళ్ళవాళ్ళెవరూ అతని వైపు చూడలేదు. అందరూ మళ్ళీ అన్నం కలుపుకున్నారు. పెనం దించాక ఎందుకని అడిగేవాడు వాళ్ళలో లేడు.

వరదమ్మకు కళ్ళు మసకబారాయి. తల ఎత్తుకునే పంక్తిలోకి వచ్చి, దేవరాజులు విస్తరి ముందే ఆగింది.

"నోరు మాటలకే సరిపోతావుండాదే, అన్నం యాడికి పోవాల? తిను ముందు" అంది, సాంబారు పోస్తూ.